ఏడో అతుకు

పొట్టు కోసం డ్రమ్ములో చెయ్యి పెట్టిన సత్తవ్వకు నిప్పు తగిలింది.

2012 నవంబరు, శుక్రవారం, పొద్దున ఆరున్నర. అశోక్‌నగర్‌లోని ఆ గల్లీలో పాలప్యాకెట్ల సైకిలు తప్ప మరో అలికిడి లేదు. కేక విని ప్రభావతి చాయ్ గ్లాసు కిటికీలో పెట్టి పక్క సందులోకి పరుగెత్తింది. ఇంటికీ ప్రహరీకీ మధ్య మూడడుగుల సందు అది. మూత తీసిన ఇనుప డ్రమ్ములో రంపపు పొట్టు నల్లగా కమిలి, నడిమధ్య ఎర్రగా వెలుగుతోంది. గాలి తగిలిన కొద్దీ ఆ ఎరుపు పక్కలకు పాకుతోంది. డ్రమ్ముకు మూరెడు పైన బ్లోయర్ మోటారు, దాని పక్కనే కరెంటు బోర్డు, గోడకవతల షెడ్డులో ఆరబెట్టిన టేకు చెక్కలు.

"చూస్తవేందమ్మా, నీళ్ళు తే" అంది సత్తవ్వ.

నాలుగు బకెట్లు పోస్తే గానీ డ్రమ్ము బుసకొట్టడం మానలేదు. పొగ సద్దుమణిగాక చూస్తే సత్తవ్వ కుడిచేతి మూడు వేళ్ళు బొబ్బలెక్కి ఉన్నాయి. చన్నీళ్ళ చెంబులో ఆ వేళ్ళు ముంచి ఆమె మెట్టు మీద కూలబడింది.

"రాత్రంతా రగిలింది బిడ్డా ఇది. మూత బిర్రుగ ఉండబట్టి గాలాడక ఊకున్నది. పొట్టు సంగతి నాకు తెల్వదా."

తెలియకేం. పక్క హాస్టల్లో మెస్సు వంట ఆమెది. సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివే నలభై మంది పిల్లలకు రెండు పూటలా వండి పెడుతుంది. గ్యాసు బండలకు కరువొచ్చినప్పటి నుంచి అన్నమూ స్నానాల నీళ్ళూ పొట్టు పొయ్యి మీదే. డబ్బా మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు కూరి, సీసా లాగేసి కింద నుంచి అంటిస్తే మూడు గంటలు నిలకడగా మండుతుంది. ఆ పొట్టు రోజూ పొద్దున్నే ప్రభావతి దగ్గర్నుంచి ఒక గోనెసంచి నిండా పోతుంది.

ప్రభావతి ఖాళీ బకెట్లు పక్కన పెట్టి, మోటారునూ కరెంటు బోర్డునూ తడిమి చూసింది. ఆదివారానికి ఇంకా రెండు రోజులే ఉంది.

ప్రభావతికి యాభై రెండేళ్ళు. నారాయణగూడలో ఒక ఆడపిల్లల బడిలో ఇరవై రెండేళ్ళు క్రాఫ్టు టీచరుగా చేసి, కుట్లూ అల్లికలూ నేర్పి నేర్పి విసుగెత్తి, ముందుగానే ఉద్యోగం మానేసింది. ఆమెకు అసలు వచ్చిన పని వడ్రంగం. తండ్రి రాజేశం చిక్కడపల్లిలో తలుపులూ కిటికీలూ చేసేవాడు. బిడ్డ చేతికి బొమ్మలకు బదులు చెక్కను చిత్రిక పట్టే రందా ఇచ్చి పెంచాడు. ఆమె భర్త జగదీశ్వర్‌కు కారు లేదు, కొనే ఉద్దేశమూ లేదు. అందుకని ఇంటి ముందున్న కారు షెడ్డు ఆమెది అయింది. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు. ఒక రంపం బల్ల, ఒక రందా మిషను, గోడ నిండా ఉలులు. నేల మీద కూర్చుని చదువుకునే బల్లలు చేస్తుంది. గల్లీలో ఏ హాస్టల్ గదిలోకి తొంగి చూసినా ఆమె బల్ల ఒకటి కనబడుతుంది.

బల్లలు అందరికీ నచ్చాయి. దుమ్ము ఎవరికీ నచ్చలేదు.

ఎదురింటి ఉమాకాంత్‌కు అసలే నచ్చలేదు. ఆయన కాలనీ సంఘం సెక్రటరీ. ముప్పై ఒక్క సంవత్సరాలు తూనికలు, కొలతల ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆరేసిన తెల్ల ధోవతి దులిపి, రాలిన పొట్టును కాగితంలో పొట్లం కట్టి, పొట్లం మీద తారీఖు వేసి సంఘం మీటింగుకు తెచ్చాడు. ఆయన భార్య దమయంతికి రాత్రిళ్ళు దగ్గు. ఆ దగ్గు నిజమేనని ప్రభావతికీ తెలుసు. అందుకే మీటింగులో ఆమె వాదించలేదు. లేచి నిలబడి ఒకే మాట చెప్పింది.

"దుమ్ము మీ ఇండ్లల్లకు రాకుండ చేసుడు నా జిమ్మేదారి. దుకాణం మాత్రం బంద్ పెట్ట."

"ఎన్ని రోజులల్ల?" అన్నాడు ఉమాకాంత్.

"నెల ఆఖరి ఆదివారం. పొద్దున పదింటికి అందరు రాండ్రి. మీ ముంగటనే రంపం నడుపుత. గడప దాటి చిటికెడు దుమ్ము వచ్చినా నా చేతులతోనే తాళం ఏస్త."

అలా మొదలైంది దుమ్ము లాగే మిషను కథ.

రాణిగంజ్‌లో పాత సామాన్ల దుకాణం నుంచి ఒకటిన్నర హార్స్‌పవర్ బ్లోయర్ వచ్చింది. షెడ్డులో దాన్ని పెడితే మనిషి నిలబడడానికి చోటుండదు. కాబట్టి గోడకు రంధ్రం కొట్టించి, బ్లోయర్‌నూ డ్రమ్మునూ పక్క సందులో పెట్టింది. చిక్కడపల్లి రేకుల పీరయ్య డ్రమ్ము మీదకు పెద్ద గరాటు చేసిచ్చాడు. దుమ్ము ఆ గరాటులో సుడి తిరుగుతుంది. బరువైన పొట్టు కింద డ్రమ్ములో పడుతుంది. మిగిలిన సన్నపు ధూళి బ్లోయర్ దాటి, ప్రభావతి కుట్టిన మందపాటి గుడ్డ సంచిలో చిక్కుకుంటుంది.

కాగితం మీద ఇదంతా బాగానే ఉంది. బిగించి స్విచ్ వేస్తే, రంపం దగ్గర పైపు నోరు చేతిరుమాలును కూడా లాగలేదు.

"నీ మిషన్‌కు ఆకలి లేనట్టుంది" అన్నాడు జగదీశ్వర్.

ఆమె పైపు పొడవునా చెయ్యి పెట్టి చూసుకుంటూ నడిచింది. నీళ్ళ పైపుకు వేసినట్టు మూడు చోట్ల తొంభై డిగ్రీల మలుపులు వేసి ఉన్నాయి. అక్కడ గాలి గోడకు గుద్దుకుని చచ్చిపోతోంది. వాటిని పీకి, ఒక్కో మలుపుకు రెండేసి సగం వంపులు వేసింది. ఈసారి రుమాలు లోపలికి పోయింది. కానీ పొట్టు డ్రమ్ములో నిలవకుండా అంతా పోయి సంచిలో పడుతోంది. డ్రమ్ము మూత దగ్గర సన్నటి సందు ఉందని కనిపెట్టడానికి రెండు రోజులు పట్టింది. పాత స్కూటరు ట్యూబు కోసి మూత అంచుకు అంటించాక డ్రమ్ము బుద్ధిగా నిండడం మొదలుపెట్టింది.

ఇక మిగిలింది ఒక్క అతుకు. మెలికలు తిరిగే గొట్టం రంపం బల్లకు కలిసే చోటు. దానికి సరిపడే క్లిప్పు దొరకక గుడ్డపేలికతో కట్టి పని నడిపింది. గురువారం సాయంత్రం నారాయణగూడ హార్డ్‌వేర్ దుకాణం వాడు "క్లిప్పు వచ్చింది అక్కా" అని ఫోను చేస్తే, ఆరింటికి పని ఆపి వెళ్ళి తెచ్చుకుంది. పొద్దున్నే బిగిద్దామనుకుంది.

పొద్దున డ్రమ్ములో నిప్పు.

పావుగంటలో గల్లీ అంతా గేటు ముందుంది. ఉమాకాంత్ స్వెట్టరు మీద కండువాతో వచ్చాడు. డ్రమ్ము చూశాడు. సత్తవ్వ చెయ్యి చూశాడు. ఆ చేతి మీద నుంచి చూపు తిప్పుకోవడానికి ఆయనకు కాస్త సమయం పట్టింది.

"డాక్టరుకు చూపించు" అన్నాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు. "రోజు పొద్దున పొట్టు తీసేది నువ్వే గద. చుట్ట నోట్లనే ఉంటది గద నీకు."

సత్తవ్వ చెంబులోంచి చెయ్యి తీసింది. "ఏందీ, నా సుట్టనా? సారూ, నలభై ఏండ్ల సంది తాగుతున్న. ఒక్కనాడు నా చీరె కొంగుకు రవ్వ పడలే. పొట్టుల పడతదా?"

"ఎట్ల పడ్డదో నాకేం తెలుసు. పడ్డది గద." ఆయన ప్రభావతి వైపు తిరిగాడు. "నిన్నటిదాక దుమ్ము ముచ్చట. ఇయ్యాల అగ్గి ముచ్చట. గోడకవతల హాస్టల్ల నలభై మంది పిల్లలున్నరు. ఆదివారం మీటింగుల దుకాణం బంద్ అని తీర్మానం పెడుత. దుమ్ము పరీక్ష ఇగ అవసరం లేదు."

"పరీక్ష అయితది" అంది ప్రభావతి. "తీర్మానం దాని తర్వాత పెట్టుకోండ్రి."

"అగ్గి సంగతి?"

"అది కూడ ఆదివారమే చెప్త."

ఏం చెప్పాలో అప్పటికి ఆమెకే తెలియదు.

అందరూ వెళ్ళాక ప్రభావతి గేటు వేసి, డ్రమ్మును నెమ్మదిగా పక్కకు వంచి, పారతో పొట్టును అడ్డంగా కోసింది. నీళ్ళకు తడిసి బిగిసిన పొట్టు రొట్టెలా తెగింది. పొరలు పొరలుగా గురువారం పని మొత్తం కనబడింది. అడుగున పొద్దుటి వేప, పాలిపోయిన పసుపు రంగు. దాని మీద మధ్యాహ్నపు టేకు. అన్నిటికంటే పైన, ఆరింటికి ముందు కోసిన జిట్రేగి పలక పొట్టు, ముదురు ఊదా రంగులో రెండు వేళ్ళ మందం. కాలింది ఆ జిట్రేగి పొర. దాని కింద టేకు కొంచెం కమిలింది. వేప పొరకు వేడి కూడా తగల్లేదు.

"ఇట్ల రా అవ్వా, చూడు" అని పిలిచింది.

సత్తవ్వ వంగి చూసింది. "అయితే ఏందంట?"

"నువ్వు సంచి నింపుకపోయింది నిన్న పొద్దున. నీ చుట్ట రవ్వ పడి ఉంటే అడుగున వేపల ఉండాలె. ఇది నేను పని బంద్ చేసినంక పడ్డది."

"నేను చెప్తే ఇనలే, పొట్టు చెప్తే ఇంటున్నవ్" అని సణిగింది సత్తవ్వ. అయినా ముఖం విప్పారింది. "మరి ఎవని పనే ఇది?"

కాలిన చోట ప్రభావతి వేళ్ళతో కెలికింది. చీపురుపుల్లల్లాంటివి మూడు దొరికాయి. కొసలు మాడి ఉన్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే, తడి బూడిద వాసన కింద సన్నగా గంధం వాసన.

అగరువత్తులు.

ఎవరో కావాలని మూత తీసి పడేసి ఉంటారా? షెడ్డులోకి వెళ్ళి రంపం దగ్గర గొట్టం ఊడదీసి దులిపింది. నాలుగో పుల్ల మడతలో ఇరుక్కుని ఉంది. అంటే అవి డ్రమ్ము దారిన రాలేదు. రంపం దగ్గర, గుడ్డపేలిక కట్టిన సందులోంచి లోపలికి పోయాయి. పోవాలంటే మిషను నడుస్తూ ఉండాలి. ఆరు దాటాక, ఆమె ఇంట్లో లేనప్పుడు, ఎవరో షెడ్డులోకి వచ్చి స్విచ్ వేశారు.

జగదీశ్వర్‌ను పిలిచింది. "నిన్న నేను నారాయణగూడ పోయినప్పుడు మీరు యాడున్నరు?"

"మిద్దె మీద. నిన్న నల్లా వచ్చే రోజు గద. ట్యాంకు నిండుతున్నదా లేదా చూస్తున్న."

"మిషను చప్పుడు వినలేదా?"

"నల్లా వచ్చినప్పుడు గల్లీల ఎన్ని మోటర్లు నడుస్తయి ప్రభా? నా మాటే నాకు ఇనపడది."

నిజమే. రోజు విడిచి రోజు, సాయంత్రం ఆరు నుంచి ఏడు వరకు. ఆ గంటలో ప్రతి ఇంట్లో మోటారు మోగుతుంది. ఇంకో మోటారు మోగినా ఎవరికీ పట్టదు. వచ్చినవాడు ఈ గల్లీ మనిషి. నల్లా వేళ తెలిసిన మనిషి.

జగదీశ్వర్ గొంతు తగ్గించాడు. "ఎవరో గిట్టనోళ్ళు చేసిన్రు. పోలీసులకు చెప్దామా?"

"గిట్టనోడు అయితే అగ్గిపుల్ల గీసి డ్రమ్ముల ఏస్తడు. నాలుగు అగరువత్తులు ముట్టించుకోని వస్తడా?"

ఈ ప్రశ్న శుక్రవారం రాత్రంతా ఆమెను నిద్రపోనివ్వలేదు. శనివారం పొద్దున, ఏది ఏమైనా క్లిప్పు బిగించాలని పైపు వెంట పోతుంటే జవాబు దానంతట అదే ఎదురైంది. డ్రమ్ము పైన గరాటుకు పైపు కలిసే చోట, తెల్లటి పైపు మీద చిన్న నీలం గీత. టిక్కు గుర్తు. రెండో అతుకు దగ్గర ఇంకొకటి. గోడలో దూరే చోట ఒకటి. షెడ్డు లోపల మూడు. ఆరు అతుకులు, ఆరు టిక్కులు, అన్నీ ఒకే సైజు, ఒకే వాలు. గొట్టం రంపానికి కలిసే ఏడో అతుకు దగ్గర ఏమీ లేదు.

పీరయ్యకు ఫోను చేసింది. "అన్నా, అతుకుల కాడ నీలం రంగు గుర్తులు నువ్వు పెట్టినవా?"

పీరయ్య నవ్వాడు. "నేను రేకుల మీద మేకుతో గీకుత అక్కా. పెన్సిల్ పట్టుకుంటే నా చెయ్యి వణుకుతది."

ఫోను పెట్టి ప్రభావతి ఏడో అతుకు ముందు కూర్చుంది. బడిలో ఆమె హాజరు వేసింది, మార్కులు వేసింది. ఒక్కో వస్తువూ చూసి, బాగుందని తేల్చుకుని, గుర్తు పెట్టి, తర్వాతి దానికి పోయే పద్ధతి ఆమెకు తెలుసు. ఈ పని చేసినవాడు తగలబెట్టడానికి రాలేదు, తనిఖీకి వచ్చాడు. అతుకు దగ్గర పొగ పెడితే లీకు ఉంటే పొగ లోపలికి వంగుతుంది. లేకపోతే నిటారుగా పైకి పోతుంది. ఆరు అతుకులు పాసయ్యాయి. ఏడోదాని దగ్గర క్లిప్పు లేదు, వేలు పట్టే సందు ఉంది. అక్కడ పొగతో పాటు పొగ పెట్టినవాడి అగరువత్తులూ పోయాయి.

ఈ గల్లీలో చెప్పకుండా వచ్చి తనిఖీ చేసి, చూసిన ప్రతి దానికీ టిక్కు పెట్టే మనిషి ఎవరో జగదీశ్వర్ కూడా ఒక్క క్షణంలో చెప్పేశాడు. చెప్పి భయపడ్డాడు.

"ఆయన పెద్దమనిషి. పదిహేను ఏండ్ల సంది ఎదురుబొదురు ఉంటున్నం. నలుగురిల పరువు తీస్తవా?"

"సత్తవ్వ పరువు నలుగురిలనే తీసిండు గద."

"ఆమె సంగతి వేరే..."

"ఏం వేరే?"

జగదీశ్వర్ మాట మార్చాడు.

"పొయ్యి ఆయనతోని ఒక్కడితోనే మాట్లాడు. దుకాణం జోలికి రాకుండ్రి, మేం కూడ ఎవరికి చెప్పం అను. అయిపోతది."

"బేరమా?" ప్రభావతి లేచి క్లిప్పు తీసుకుంది. "నా మిషను బాగుంటే నా దుకాణం ఉంటది. లేకుంటే పోతది. ఆయన తప్పు చూసి నా దుకాణం నిలబడుడేంది? ఆదివారం పదింటికి అని చెప్పిన. పదింటికే మాట్లాడుత."

స్క్రూ డ్రైవరుతో క్లిప్పు బిగించింది. ఇక తిరగనన్నాక ఇంకో అర చుట్టు తిప్పింది.

ఆదివారం పదింటికి గేటు ముందు ఇరవై మంది. హాస్టల్ మెట్ల మీద పుస్తకాలు పట్టుకుని పిల్లలు. ఉమాకాంత్ కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఒళ్ళో సంఘం రిజిస్టరు. చేతిలో ఒక కొస ఎరుపు, ఒక కొస నీలం ఉన్న ఆఫీసు పెన్సిలు. వచ్చిన ఇళ్ళవాళ్ళ పేర్లకు ఎదురుగా టిక్కులు పెడుతున్నాడు. పక్కనే దమయంతి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని.

"మొదలు తీర్మానం చదువుత" అన్నాడు ఆయన.

"మొదలు రంపం" అంది ప్రభావతి.

సందులో, గేటు మీద, షెడ్డు గడప ముందు మూడు తెల్ల దుప్పట్లు పరిచింది. దమయంతి దగ్గరికి వెళ్ళి, "అక్కా, మీరు వచ్చి గడపల నిలబడండ్రి. మీకు దగ్గు వస్తే నేను ఓడిపోయినట్టే" అంది.

దమయంతి మొగుడి వైపు కూడా చూడకుండా లేచి వచ్చింది.

బ్లోయర్ మోత అందుకుంది. రంపం తిరిగింది. ప్రభావతి మీటరున్నర టేకు పలకను నిలువునా చీల్చింది, తర్వాత ఇంకొకటి, తర్వాత మూడోది. రంపం కీచుమన్నప్పుడల్లా జనం ఒక అడుగు వెనక్కి వేశారు. పొట్టు బల్ల మీద లేవకముందే మాయమైపోతోంది. పది నిమిషాల తర్వాత అన్నీ ఆపేసింది. దుప్పట్లు తీసి దులిపింది, చిటికెడు పొట్టు రాలలేదు. దమయంతి కొంగు ముక్కు మీద నుంచి ఎప్పుడో జారిపోయింది.

"దగ్గు రాలేదు" అంది దమయంతి. ఆమెకే ఆశ్చర్యంగా ఉన్నట్టుంది.

హాస్టల్ మెట్ల మీద ఎవరో ఈల వేశారు.

"సరే, దుమ్ము లేదు" అన్నాడు ఉమాకాంత్. పెన్సిలు రిజిస్టరు మీద ఆడుతోంది. "ఒప్పుకుంటున్న. కాని అగ్గి పడ్డది నిజమే గద. మళ్ళ పడదని హామీ ఏంది? కారణం సత్తవ్వ చుట్ట అని రాస్తున్న. ఆమె మెస్సుల పని చేసినంత కాలం..."

సత్తవ్వ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. కట్టు కట్టిన కుడిచెయ్యి రిజిస్టరు మీద, ఆయన ముక్కు కింద పెట్టింది.

"రాయి సారూ. సత్తవ్వ అని రాయి. మంచిగ కనబడేటట్టు రాయి. నాకు సదువు రాదు, గీ పిలగాండ్లు సదివి చెప్తరు. రాసినంక నేను సంచి సదురుకోని పోత. నలభై మందికి పొద్దీకి బువ్వ నువ్వే వండు."

పెన్సిలు ఆగింది.

"ఆయన్ని రాయనియ్యి అవ్వా" అంది ప్రభావతి నెమ్మదిగా. "రాసే ముంగట ఒక్క చిన్న పని. ఉమాకాంత్ గారూ, లోపలికి రాండ్రి. నా మిషన్‌కు ఏడు అతుకులున్నయి. ఆరింటికి నీలం పెన్సిల్‌తోని టిక్కులున్నయి. నేను పెట్టలే. పీరయ్య పెట్టలే. ఏడోదానికి లేదు, దాంట్లకెళ్ళి పోయిన నాలుగు అగరువత్తుల పుల్లలు నాకు దొరికినయి. నిన్న క్లిప్పు బిగించిన. అది కూడ మీరే చూసి టిక్కు పెట్టండ్రి. అంతా ఒకే చేతి మీద ఉంటే బాగుంటది."

ఎవరికీ అర్థం కాలేదు. జగదీశ్వర్ నేల చూపులు చూశాడు. ఉమాకాంత్ చేతిలోని పెన్సిలు వైపు దమయంతి చూసింది. తర్వాత ఆయన ముఖం వైపు చూసింది.

"గురువారం నాడు పూజగదిల అగరువత్తులు..." అని మొదలుపెట్టింది ఆమె.

"నువ్వు ఆగు దమయంతి" అన్నాడు ఉమాకాంత్. కుర్చీలోంచి లేచి రిజిస్టరు మూశాడు. సత్తవ్వ చెయ్యి ఇంకా అలాగే గాలిలో ఉంది.

"నేనే చెప్త. ఎవరూ చెప్పొద్దు. నల్లా వచ్చిన టైముల పోయిన. ప్రభావతమ్మ బయటికి పోవుడు చూసే పోయిన. ఆదివారం వీళ్ళు చూపించేది చూసి నేను ఎట్ల నమ్ముత? దుకాణపోడు చూపించే తక్కెడ ఎప్పుడైనా సరిగనే ఉంటది. చెప్పకుండ పోతేనే అసలు బరువు తెలుస్తది, ముప్పై ఒక్క ఏండ్లు నేను చేసిన పని గదే. నాలుగు అగరువత్తులు ముట్టించుకోని డ్రమ్ము కాడి నుంచి మొదలుపెట్టిన. ఒకటి, రెండు, మూడు... ఎక్కడ్నన్న పొగ వంగితే రాసుకుందామనుకున్న. వంగలే. ఆరు అతుకులల్ల జర్రంత కూడ వంగలే. నాకు కోపమొచ్చింది, అబద్ధమెందుకు చెప్పాలె. ఏడోదాని కాడ సందు కనబడ్డది. దొరికిందిరా అనుకోని ఇంకొంచెం దగ్గరికి పెట్టిన. చేతిలకెళ్ళి గుంజుకున్నది, నాలుగుకు నాలుగు. స్విచ్ బంద్ చేసి ఇంటికి పోయిన. ఆరిపోతయిలే అనుకున్న. తెల్లారి ఈమె చెయ్యి చూసినప్పుడే చెప్పాలె. నోరు రాలే. అందుకే చుట్ట మీదికి తోసిన. నువ్వు చెయ్యి దించు సత్తవ్వా, నీ పేరు రాయ. తీర్మానం లేదు, ఏం లేదు, దుకాణం నడవనియ్యండ్రి. మిషను మంచిగ పని చేస్తున్నది, అది నాకు గురువారమే తెలుసు. అగ్గి పెట్టింది నేను."